కొలెస్ట్రాల్ నేరం గుడ్డుదీ పెద్దకూరదేనా?

హాస్టల్ మెనూలో గుడ్డు పెట్టమని అడిగినా, పెద్దకూర తింటామని చెప్పినా మనకు ఎదురయ్యే మాట ఒకటే: "కొలెస్ట్రాల్ కదా!" కులం పేరెత్తకుండా మన కంచాన్ని తప్పుపట్టడానికి ఈ మాట బాగా పనికొస్తోంది. అందుకే దాన్ని కాస్త విప్పి చూద్దాం.

కొలెస్ట్రాల్ విషం కాదు. ఒంట్లోని ప్రతి కణం పొరలోనూ ఉంటుంది. విటమిన్ డి, కొన్ని హార్మోన్లు, కొవ్వును అరిగించే పిత్త ఆమ్లాలు దానితోనే తయారవుతాయి. అందులో ఎక్కువ భాగాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. తిండిలో ఎక్కువైతే చాలామందిలో ఆ తయారీ తగ్గుతుంది. చిక్కంతా కొలెస్ట్రాల్‌ను రక్తంలో మోసుకెళ్లే ఎల్‌డీఎల్ రేణువులతో. అవి మితిమీరితే రక్తనాళాల గోడల్లో చేరి పూడిక కడతాయి. గుండెపోటు, పక్షవాతం వచ్చేది అక్కడినుంచే.

ఎల్‌డీఎల్‌ను తిండిలోని కొలెస్ట్రాల్ కన్నా సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు ఎక్కువగా పెంచుతాయి. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కాలేయం వెనక్కి తీసుకునే పనిని సంతృప్త కొవ్వు మందగింపజేస్తుంది. ఒక గుడ్డులో కొలెస్ట్రాల్ సుమారు 186 మిల్లీగ్రాములు ఉన్నా, సంతృప్త కొవ్వు గ్రామున్నర మాత్రమే. రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ మించొద్దన్న లెక్కను అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015–20 సంచికలో వదిలేశాయి. తక్కువ తినమన్న సలహాను మాత్రం ఉంచాయి.

ఇక నెయ్యి. అందులో దాదాపు 60 శాతం సంతృప్త కొవ్వే, కొలెస్ట్రాల్ కూడా ఉంది. కొవ్వు తీసేసిన పెద్దకూరలో సంతృప్త కొవ్వు అందులో చిన్న వంతే. అయినా నెయ్యి సాత్వికం, పెద్దకూర తామసం! ఈ విభజన చేసింది వైద్యం కాదు. అలాగని మన వంటకు మినహాయింపేమీ లేదు. కొవ్వు ముక్కలు, భేజా, బోటి రోజూ తినేవి కావు.

మన ఇళ్లలో అసలు చూడాల్సింది నూనె. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాస్తారు. మొక్కల నూనెల్లో అది ఎలాగూ ఉండదు! పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. చౌక కాబట్టి పేదల పొయ్యికి చేరేది అదే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఇచ్చిన 'అమ్మహస్తం' సంచిలోనూ పామాయిలే ఉండేది. వనస్పతి సహా నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వును 2 శాతానికి పరిమితం చేసే నిబంధన 2022 జనవరిలో గానీ అమల్లోకి రాలేదు.

ఎల్‌డీఎల్ పెరిగితే నొప్పి ఉండదు, లిపిడ్ ప్రొఫైల్ అనే రక్తపరీక్షలోనే తెలుస్తుంది. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లుంటే ఇరవైల్లోనే చేయించుకోవాలి. డాక్టర్ స్టాటిన్ మాత్ర రాస్తే, గుడ్డు మానేశాం కదా అని సొంతంగా ఆపేయొద్దు.