సెమిస్టరు చివరి పదిహేను రోజులు

పరీక్షలు దగ్గర పడ్డాయని పంచాంగం చూడకుండా చెప్పగలవాడు మా కాలేజీ ఎదుట వున్న జిరాక్సు దుకాణం యజమాని ఒక్కడే. మామూలు రోజుల్లో మా విద్యార్థులు అతని గడప తొక్కరు. ఇంకా మూడు వారాలుందనగా ఒకరూ యిద్దరూ వస్తారు. పదిహేను రోజులుందనగా బారులు తీరుతారు. పది రోజులుందనగా అతను ఊళ్లోంచి తన బావమరిదిని సాయానికి రప్పించుకుంటాడు. ఆ బావమరిది కనిపించిన రోజున నేను స్టాఫ్ రూములోకి వెళ్లి, “ఇక పాఠాలు ముగించండి బాబూ, బావమరిది దిగాడు” అని చెపుతాను. ఇంతవరకూ ఆ లెక్క తప్పలేదు.

మీ ఇంట్లోనూ డిగ్రీ చదివే పిల్లవాడో పిల్లో వుండే వుంటారు. “ఎప్పుడు చూసినా పరీక్షలంటాడు, ఎప్పుడు చూసినా ఫోనులోనే వుంటాడు” అని మీరు విసుక్కుంటూనే వుంటారు. రెండూ నిజమే సుమండీ. మన రోజుల్లో సంవత్సరానికి ఒక్కటే పరీక్ష. జూలై నుంచి జనవరి దాకా హాయిగా తిరిగి, ఫిబ్రవరిలో గడ్డం పెంచి, శివరాత్రి నాటికి రాత్రింబవళ్లు చదివి గట్టెక్కేవాళ్లం. 2015-16 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో ఆ వైభవం పోయింది. ఏడాదిని రెండు ముక్కలు చేశారు. ముక్కకు 90 పనిదినాలు. పేపరుకు నూరు మార్కులైతే 25 కాలేజీలోనే వేస్తాం, 75 చివరి పరీక్షకు. ఆ పాతిక కోసం మధ్య పరీక్షలు, అసైన్‌మెంట్లు, సెమినార్లు. ఒక పరీక్ష దులుపుకునే సరికి రెండోది గుమ్మంలో నిలబడి వుంటుంది. ఇప్పటి కుర్రవాడికీ గడ్డం వుంది గాని, అది ఫాషనుకు పెరిగింది, చదువుకు కాదు.

నేను పనిచేసేది రాజమండ్రిలో. 2015లో ఊరు పేరు రాజమహేంద్రవరం అయింది గాని, కండక్టరూ మేమూ కూడా యింకా రాజమండ్రి అనే అంటున్నాం. మా పిల్లలు సగానికి పైగా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు. కొవ్వూరు నుంచి గోదావరి దాటి వచ్చేవాళ్లు, కడియం నుంచి, ధవళేశ్వరం నుంచి, కోరుకొండ నుంచి, సీతానగరం నుంచి వచ్చేవాళ్లు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సులో టిక్కెట్టు లేదు. మగపిల్లలు పాసులు కొనుక్కుంటున్నారు. ఆ అన్యాయాన్ని గురించి మొదటి గంటలోనే ఒక చర్చ జరుగుతుంది. ఆ చర్చలో గెలిచేది ఎప్పుడూ ఆడపిల్లలే.

ఈ చివరి పదిహేను రోజుల్లో పిల్లల దినచర్య చూడవలసిందే. పొద్దున్న తొమ్మిదిన్నరకు బస్సు దిగుతారు. క్లాసుకు రారు, మెట్ల మీద కూచుంటారు. ఎందుకయ్యా అంటే రికార్డులు వ్రాస్తున్నారు. నాలుగు నెలల ప్రయోగాలు నాలుగు రోజుల్లో నోటుబుక్కులోకి ఎక్కాలి. ఒకడు చదువుతాడు, ముగ్గురు వ్రాస్తారు, అయిదోవాడు బొమ్మలు వేస్తాడు. బొమ్మలు బాగా వేసే పిల్లవాడికి ఆ వారం రోజులూ కాంటీనులో బిల్లు ఇచ్చే పని వుండదు. కప్ప గుండెకాయ బొమ్మకు ఒక సమోసా, పువ్వు నిలువుకోతకు ఒక టీ. రేట్లు వాళ్లే స్థిరపరచుకున్నారు. వృక్షశాస్త్రం లెక్చరరు గారికి యిది తెలుసు. “నలభై రికార్డుల్లోనూ మందారపువ్వు ఒకే పక్కకు వాలి వుంటే నాకు తెలియదా!” అంటారాయన, సంతకం పెడుతూనే.

మధ్యాహ్నం జిరాక్సు. అక్కడ దొరికేవి పాఠాలు కావు, “ముఖ్యమైన ప్రశ్నలు”. ఎవరో పై తరగతివాడు మూడేళ్ల ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, ఈసారి ఏది వస్తుందో జ్యోతిషం చెప్పి వ్రాసిన కాగితాలు. వాటినే ఫోనులో పంచుకుంటారు. 2016లో డేటా చవకయ్యాక పల్లెటూరి పిల్లవాడి చేతికీ అన్నీ అందాయి. పాఠం, గైడు, నిరుడు పేపరు, పాటా, క్రికెట్టూ అన్నీ ఒకే అద్దంలో. వాడు నిజంగానే చదువుదామని దాన్ని తెరుస్తాడు. ఆ పక్కనే ముప్పై సెకన్ల వీడియో వుంటుంది. ఆ తరువాత సంగతి మీకు తెలిసిందే. నాకూ తెలుసు, మా యింట్లోనూ ఇద్దరున్నారు.

సాయంత్రానికి గోదావరి. మా వూరివాళ్లకు యీ ఒక్క అదృష్టం మాత్రం వుంది. సినిమాకు డబ్బులు లేకపోయినా పుష్కర ఘాటు మెట్లు ఎప్పుడూ ఖాళీయే. ఏప్రిల్ నెలలో నది బాగా తగ్గి ఇసుక మేటలు బయటపడతాయి. అవతల మూడు వంతెనలు. 1900లో కట్టిన హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్లు లేవు. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీద కొవ్వూరు బస్సులు. దాని పక్కన కమానుల వంతెన. ఆ మెట్ల మీద మిరపకాయ బజ్జీల పొట్లం మధ్యలో పెట్టుకుని అరడజను మంది “చదువుకుంటూ” వుంటారు. బజ్జీ నూనె అంటిన కాగితాన్ని బట్టి ఏ యూనిట్ ఎక్కువ చదివారో చెప్పవచ్చు. డబ్బులున్ననాడు కోటగుమ్మం వైపు వెళ్లి రోజ్‌మిల్క్ తాగుతారు. ఒక గ్లాసు, రెండు గడ్డిపుల్లలు.

చివరి సంవత్సరం పిల్లలకు ఇంకో వ్యాసంగం వుంది. వీడ్కోలు సభ. దానికి అమ్మాయిలంతా చీరలు కట్టుకోవాలి. ఆ చీర అమ్మదై వుండాలి, అదీ పెళ్లినాటిదై వుండాలి. ఆ రవికె పట్టదు. అంచేత పరీక్షల ముందు వారం దర్జీ దగ్గరా జిరాక్సు దగ్గర వున్నంత రద్దీయే. తల్లులకు నా మనవి: ఆ చీర అడిగినప్పుడు “పరీక్షలు పెట్టుకుని చీరలేమిటే” అనకండి. ఆ ఒక్క పూట ఫోటోల కోసం ఆ పిల్ల మిగతా పద్నాలుగు రోజులూ బుద్ధిగా చదువుతుంది. నేను చూస్తూనే వున్నాను.

ఇవన్నీ మాకు నవ్వు పుట్టించే సంగతులు. నాకు బొత్తిగా నవ్వు రాని వినోదం ఒకటుంది. నిజానికి అది వినోదం కాదు. బయట నుంచి చూస్తే మాత్రం అలాగే కనిపిస్తుంది.

సెమిస్టరు ఆఖరూ పెళ్లిళ్ల ముహూర్తాలూ ఒక్కసారే వస్తాయి. వైశాఖంలో మా గోదావరి జిల్లాల్లో పెళ్లి కాని రాత్రి వుండదు. ఆ పెళ్లి భోజనాల దగ్గర తెల్లచొక్కా, నల్లప్యాంటు, చేతులకు ప్లాస్టిక్ తొడుగులతో వరసగా నిలబడి వడ్డించే కుర్రవాళ్లను మీరు చూసే వుంటారు. వాళ్ల ముఖాల వంక మీరు చూసి వుండరు. నేను చూస్తాను, వాళ్లలో నలుగురైదుగురు మా వాళ్లే వుంటారు. ఒకసారి నా విస్తట్లో పనసపొట్టు కూర వేస్తూ ఒక కుర్రవాడు ఆగిపోయి, “మేష్టారూ, రేపు ఇంటర్నలుందాండి?” అని అడిగాడు. వుందన్నాను. “అయితే కొంచెం పులిహోర వేసుకోండి” అని ముందుకు వెళ్లిపోయాడు.

వీళ్లకు రాత్రికి అయిదువందలో ఆరువందలో ఇస్తారు. భోజనం వుంటుంది. వ్యానులో తీసుకువెళ్లి, పాత్రలు ఎక్కించాక ఏ ఒంటిగంటకో దింపుతారు. మర్నాడు మొదటి గంటలో వెనక బెంచీ మీద తల వాల్చి నిద్రపోయేవాడిని చూసి, “రాత్రంతా సినిమాలు చూశావా?” అని కొత్తగా వచ్చిన లెక్చరర్లు కోప్పడతారు. వాళ్లు మాట్లాడరు. సినిమా చూశామనుకుంటేనే వాళ్లకు గౌరవంగా వుంటుంది కాబోలు.

మొదటి సంవత్సరంలో ఇలాంటి పిల్లవాడొకడున్నాడు. కడియం నర్సరీల్లో తల్లి మొక్కలకు మట్టి సంచులు నింపే పనికి వెళుతుంది. తండ్రి వున్నాడు గాని పని చెయ్యలేడు. చెల్లెలు ఇంటర్మీడియెట్. ఈ పిల్లవాడికి తెలుగంటే ఇష్టమని నేను చెప్పను. ఛందస్సు మాత్రం పట్టుబడింది. మా క్లాసులో వృత్తాల గణాలు బల్ల మీద దరువు వేసి నేర్చుకుంటారు. భ-ర-న-భ-భ-ర-వ అంటే ఉత్పలమాల, పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. న-జ-భ-జ-జ-జ-ర అంటే చంపకమాల, 21 అక్షరాలు, పదకొండోది యతి. అందరూ అవి వేరువేరు పాటలైనట్టు బట్టీ పడుతుంటే, వీడు లేచి, “మేష్టారూ, రెండూ ఒకటేనండి” అన్నాడు.

ఎలాగో చెప్పమన్నాను.

“ఉత్పలమాలలో మొట్టమొదటి పెద్ద గరిటె తీసేసి చిన్న గరిటెలు రెండు వెయ్యండి. చంపకమాల అయిపోద్ది. మిగతా వడ్డనంతా మామూలేనండి.”

క్లాసంతా గొల్లుమంది. కాని వాడన్నది అక్షరాలా నిజం. మొదటి గురువు స్థానంలో రెండు లఘువులు పడితే ఒక అక్షరం పెరుగుతుంది. అందుకే యతి కూడా పది నుంచి పదకొండుకు జరుగుతుంది. పదిహేడేళ్లుగా నేను గురులఘువులు బోర్డు మీద గీసి చెపుతున్న సంగతిని వాడు బకెట్టూ గరిటెలతో ఒక్క ముక్కలో చెప్పేశాడు. నన్నయ భారతం వ్రాసిన వూళ్లో, ఆయన వృత్తాలకు ఇలాంటి వ్యాఖ్యాత దొరుకుతాడని ఎవరనుకుంటారు?

ఈ పిల్లవాడి హాజరు ఈ సెమిస్టరులో నూటికి 68 వచ్చింది. 75 లేకపోతే పరీక్షకు హాలు టిక్కెట్టు ఇవ్వకూడదు. 65 దాటితే క్షమాపణ రుసుము కట్టించుకుని వదిలిపెట్టే వెసులుబాటు వుంది గాని, దానికి తగిన కారణం చూపాలి. అందరూ చూపే కారణం ఒక్కటే: జ్వరం. డాక్టరు సర్టిఫికెట్టు ఎక్కడ ఎంతకు దొరుకుతుందో పిల్లలందరికీ తెలుసు. ఆ నెలలో మా కాలేజీలో వచ్చినన్ని టైఫాయిడ్లు జిల్లా మొత్తం మీద వచ్చి వుండవు. వీడు మాత్రం తెల్లకాగితం మీద తన దస్తూరీతో, “పెళ్లిళ్లలో వడ్డనకు వెళ్లినందువల్ల ఉదయం క్లాసులకు రాలేకపోయాను” అని వ్రాసి గుమాస్తా గారి బల్ల మీద పెట్టాడు. గుమాస్తా గారు మంచివారే. “ఒరే నాయనా, యిలాంటి కారణానికి యిక్కడ గడి లేదురా. జ్వరమని వ్రాయి” అన్నారు. “నాకు జ్వరం రాలేదండి” అన్నాడు వాడు. ఇందులో పౌరుషమేమీ లేదు. సర్టిఫికెట్టుకు మూడువందలవుతుంది, అది దండగ అని వాడి లెక్క.

కాగితం ప్రిన్సిపాలు గారి దగ్గరకు వెళ్లింది. ఆయన రసాయనశాస్త్రం మనిషి. నన్ను పిలిపించి, నిబంధనల పుస్తకం ముందుకు తోసి, “మేష్టారూ, ‘అనారోగ్యం మొదలైన కారణాలు’ అని వుంది. ఈ ‘మొదలైన’లో ఏమేమి వస్తాయి?” అని అడిగారు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో తెలుగు పండితుడి అవసరం పరిపాలనకు ఇంతగా పడడం ఇదే ప్రథమం. “మొదలైన అన్న తరువాత ఇక హద్దు లేదండి, అనారోగ్యంతో మొదలుపెట్టి ఎక్కడికైనా వెళ్లవచ్చు” అన్నాను. ఆయన కాసేపు కాగితం తిరగేసి, “అన్నీ పెళ్లిళ్లేనా?” అన్నారు. “రెండు ఓణీల ఫంక్షన్లు కూడా వున్నాయిట” అన్నాను. సంతకం పెట్టారు.

అయితే రుసుము మాఫీ చేసే అధికారం ఆయనకు లేదు. వెయ్యి రూపాయలు. నేను కట్టబోతే పిల్లవాడు ఒప్పుకోలేదు. పొయ్యి దగ్గర మనిషిని అడిగి రెండు రాత్రుల కూలి ముందుగా తెచ్చి కట్టేశాడు. హాజరు తక్కువైనందుకు కట్టిన డబ్బు కోసం పరీక్షల ముందు మరి రెండు రాత్రులు వడ్డనకు వెళ్లాలన్నమాట. ఈ లెక్క నిబంధనల పుస్తకంలో ఏ ‘మొదలైన’లోనూ లేదు. అటువంటి పిల్లలకు మొదటి గంట క్లాసు మధ్యాహ్నానికి మార్చవచ్చునా అని ఈసారి స్టాఫ్ సమావేశంలో అడిగాను. వచ్చే సెమిస్టరు టైంటేబులు వేసేటప్పుడు చూద్దామన్నారు. చూస్తారో లేదో నేను చూస్తాను.

ఆ రెండు రాత్రుల్లో ఒకటి అయిపోయింది. రెండోది ఈ గురువారం, కొవ్వూరులో. శుక్రవారం పొద్దున్న తెలుగు పరీక్ష. నిన్న సాయంత్రం జిరాక్సు దుకాణం దగ్గర కనిపించాడు. నాలుగు వృత్తాల గణాలూ యతిస్థానాలూ చిన్న చీటీ మీద వ్రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కాపీ కొట్టడానికి కాదండి, వ్యానులో చదువుకోవడానికి అని తనంతట తనే చెప్పాడు. ఎన్నింటికి తెములుతారో తెలుసుకుందామని, ముహూర్తం ఎన్ని గంటలకని అడిగాను.

“అది మాకు తెలీదండి. పెరుగన్నం ఎప్పుడన్నదే మా లెక్క. పదకొండు లోపల పెరుగు దిగిపోతే, పన్నెండున్నరకల్లా వంతెన దాటేస్తానండి.”