మన ఊరి చీటీలో అసలు వడ్డీ ఎంత పడుతోంది?

పోయిన ఎపిసోడ్‌లో పోస్టాఫీసు ఆర్‌డీ గురించి చెప్తే, మన ఆలమూరు, జొన్నాడ వైపు వాళ్లు ఎక్కువమంది అడిగింది ఒకటే: "ఆర్‌డీ ఎందుకండీ, చీటీ ఉందిగా?"

ఉందండి. నేను చీటీకి వ్యతిరేకం కాదు. మనకి జీతంలాగా ఒకటో తారీఖున డబ్బు రాదు. కొబ్బరి దింపు తీసినప్పుడు వస్తుంది, కువైట్ నుంచి పంపినప్పుడు వస్తుంది. వచ్చిన డబ్బు ఖర్చయ్యేలోపు పక్కన పెట్టించేది ఆ చీటీయే. కాకపోతే లెక్క చూడకుండా పాడేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ అలవాటు కదా, నేను ఎక్సెల్‌లో వేసి చూశాను.

లక్ష రూపాయల చీటీ, 20 మంది, 20 నెలలు, నెలకు 5,000. కమీషన్ 5 శాతం. మొదటి నెలలోనే ఒకాయన 30,000 తగ్గించి పాడాడు. చేతికి 70,000 వచ్చింది. ఆ 30,000లో కమీషన్ 5,000 పోగా, మిగిలిన 25,000 ఇరవై మందికీ పంచితే తలా 1,250. అందుకే ఆ నెల అందరూ 3,750 కడితే సరిపోయింది. ఇలా తగ్గింపులన్నీ పోగా 20 నెలల్లో ఒక్కొక్కరూ మొత్తం 90,000 కట్టారనుకోండి.

ఆఖరి వరకూ ఆగినావిడకి కమీషన్ పోను 95,000 వస్తుంది. 90,000కి 5,000 లాభం. డబ్బు ఒకేసారి కట్టలేదు కాబట్టి సగటున తొమ్మిదిన్నర నెలలు ఉన్నట్టు. ఏడాదికి సుమారు 7 శాతం. పోస్టాఫీసు ఆర్‌డీ 2023 అక్టోబరు నుంచి 6.7 శాతం ఇస్తోంది. అంటే పెద్ద తేడా ఏం లేదు.

మరి మొదట పాడినాయన? నెలకు నూటికి రెండున్నర రూపాయల పైనే వడ్డీ పడింది! ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే "అమ్మో" అంటాం. అదే చీటీ అనేసరికి వడ్డీ అన్న మాటే గుర్తు రాదు. చాలా బ్యాంకుల్లో బంగారం మీద అప్పు రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. ఫీజు కట్టాలనో, ఆసుపత్రికనో తొందరపడి పాడే ముందు ఇంట్లో గాజుల సంగతి ఆలోచించండి.

ఇంక అసలు భయం. ఆఖర్లో తీసుకునేవాళ్ల డబ్బంతా చీటీ నడిపేవాళ్ల చేతిలోనే ఉంటుంది. బ్యాంకు మునిగితే 5 లక్షల వరకు డిపాజిట్‌కి బీమా ఉంది, చీటీకి అది లేదు. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టేముందు ప్రభుత్వ అనుమతి తీసుకుని, రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసి, పూచీగా డిపాజిట్ కట్టాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి ఒక్కరే నడిపే చీటీలన్నీ కలిపి 3 లక్షలు దాటకూడదు. కమీషన్ గరిష్ఠంగా 7 శాతం. వీధి చివర రెండేసి లక్షల చీటీలు నాలుగు నడిపే పిన్నిగారు ఎంత మంచావిడైనా ఈ లెక్కలోకి రారు.

మొహమాటం ఉంటుంది, తెలుసు. "పిన్నిగారూ, చీటీ అగ్రిమెంటు కాపీ ఒకటి ఇస్తారా, మా ఆయన దాచమన్నారు" అని అడగండి. రిజిస్టరైన చీటీకి సభ్యులకి కాపీ ఇవ్వడం తప్పనిసరి. లేదంటే, పోతే తట్టుకోగలిగినంత చిన్న చీటీయే వేయండి. ఆడపిల్ల పెళ్లికి దాచే డబ్బు మాత్రం అందులో పెట్టకండి.