క్రియను వెంబడించు చిన్న మాటలు



తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 విద్యాసంవత్సరము మొదలుకొని ఒకటవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. దంతాలపల్లి మొదలగు గ్రామములలో సయితము, ఇంటికి వచ్చిన ఆంగ్లపత్రమును చదివి పెద్దలకు తెలియజెప్పు భారము పిల్లలపై బడుచున్నది. పిల్లవాడు నిఘంటువు చూచి ప్రతిపదమునకును అర్థము చెప్పినను, వాక్యార్థము తప్పిపోవుట కలదు. అందులకు ముఖ్యకారణ మొకదానిని నేడు మనవి చేసెదను.

ఆంగ్లమున ‘పుట్’ అనగా ఉంచుట. ‘ఆఫ్’ అనగా ఎడముగా, దూరముగా. ఈ రెండును కలసి ‘పుట్ ఆఫ్’ అయినప్పుడు వాయిదా వేయుట యని యర్థము. ఆ క్రియకే ‘ఆన్’ చేరిన ధరించుట. ‘అవుట్’ చేరిన మంట నార్పుట. ‘అప్ విత్’ అను రెండును చేరిన ఓర్చుకొనుట. క్రియ యొక్కటే, వెంబడించు మాట మారగానే అర్థమును మారినది. ఇట్టి జంటలను వారు ‘ఫ్రేజల్ వెర్బు’ లందురు. ఈ పేరును లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన గ్రంథమున వ్యాపింపజేసెను. అంతకు చాల పూర్వమే, 1755లో, నిఘంటుకారుడు సామ్యూల్ జాన్సన్ పరదేశీయులకు ఆంగ్లమున మిక్కిలి కష్టము కలిగించునవి యివియే యని తన పీఠికలో చెప్పియున్నాడు.

ఇది వింతగా దోచవచ్చును గాని, మనకు క్రొత్త కాదు. మన ‘పడు’ క్రియను చూడుడు. లోబడుట, వెలువడుట, వెనుకబడుట, పైబడుట — ఇవన్నియు దానినుండి పుట్టినవే. లోబడినవాడు ఏ నూతిలోను పడలేదు. వయస్సు పైబడినవానిపై ఏదియు కూలలేదు. సంస్కృతమునందును ఒకే ధాతువునుండి ఉపసర్గభేదముచే ఆహారము, విహారము, సంహారము కలిగినవి. భేద మొక్కటే: మన చిన్న మాట క్రియకు ముందు నడచును, ఆంగ్లేయుల చిన్న మాట క్రియకు వెనుక నడచును.

వాయిదా వేయుటకు ‘పోస్ట్‌పోన్’ అను మాట యుండగా ఈ జంట యేల యని యడుగవచ్చును. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఫ్రెంచి మాటలును, విద్వాంసుల మూలమున లాటిను మాటలును ఆ భాషలో విస్తారముగా చేరినవి. అవి పెద్ద వ్రాతలకు తగినవైనవి; ఇంటి మాటలలో పాత జంటలే నిలిచినవి. 1948 వరకు మన ప్రాంతమున కచ్చేరీలో ఉర్దూ, ఇంట తెలుగు నడచుట చూచినవారికి ఈ సంగతి తేటతెల్లము.

జంటలోని మాటల స్థానమును గూర్చి యొక నియమము గలదు. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ అనినను, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ అనినను ఒప్పే. కాని పేరునకు బదులు సర్వనామము వచ్చినచో, అది నడుమనే యుండవలెను: ‘పుట్ ఇట్ ఆఫ్’. మరికొన్ని జంటలు ఎన్నడును విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనగా వానిని సంరక్షింపుమని యర్థము; ఇందు ‘హిమ్’ నడుమ చేరరాదు.

ఇవి తెలియకున్న నష్టము స్వల్పము కాదు. సభ ‘పుట్ ఆఫ్’ అయినచో మరియొక దినమున జరుగును. ‘కాల్ ఆఫ్’ అయినచో ఇక జరుగదు. వైద్యుడు పొగాకును ‘కట్ డౌన్’ చేయుమనిన తగ్గింపుమని, ‘కట్ అవుట్’ చేయుమనిన పూర్తిగా మానుమని భావము. అప్పుకై పెట్టుకొన్న అర్జీ ‘టర్న్ డౌన్’ అయినదని వ్రాసిన, అది క్రిందికి త్రిప్పబడలేదు, తిరస్కరింపబడినది. ఆ సంగతి తెలియని రైతు రాని సొమ్మునకై ఎదురుచూచుచు విత్తు కాలమును పోగొట్టుకొనవచ్చును.

కావున ఇంట చదువుకొను పిల్లలకు పెద్దలొక మాట చెప్పవలెను. క్రియను విడిగా వల్లెవేయక, దాని వెనుకనున్న చిన్న మాటతో గూడ, ఒక పూర్తి వాక్యములో నేర్చుకొనవలెను. పత్రము చదివినపుడు పదములకు గాక వాక్యమునకు తెలుగు చెప్పుమని యడుగుడు. చెప్పిన తెలుగు మీ చెవికి పొసగనిచో, క్రియ వెనుక ఏ మాట యున్నదో మరల చూడుమనుడు. ఆ ప్రశ్న వేయుటకు ఆంగ్లము రానక్కరలేదు. మన తెలుగు చక్కగా వచ్చిన చాలును.