సహ్యాద్రి సెలయేటి చేప 'మిస్ కేరళ': జీవనరీతి, రక్షణ

అలంకార చేపల దుకాణాలలో 'మిస్ కేరళ' పేరుతో కనిపించే చేప నిజానికి పశ్చిమ కనుమల జీవి. కేరళ నదులలోను, దక్షిణ కర్ణాటకలోని కొన్ని నదులలోను తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా లభించదు. గాజుతొట్టెలో దీనిని చూసినవారు ఎందరో ఉన్నారు. ఏటిలో చూసినవారు బహుకొద్దిమంది. ఈ చేప నదీజీవితం ఆలస్యంగా తెలియడం వలన దాని రక్షణకై విధించిన నియమం ఎట్లా గురి తప్పిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు మద్రాసు సైన్యంలో వైద్యుడుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే. తిరువాన్కూరు కొండలలోని ముండక్కయంలో దొరికిన చేపను 1865లో వర్ణించి, అప్పటి మద్రాసు గవర్నరు విలియం డెనిసన్ పేరు పెట్టాడు. నాటి కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ గవర్నరు ఏలుబడిలోనివే. డే దీనిని 'లేబియో' ప్రజాతిలో చేర్చాడు. మనం శీలావతి అని పిలిచే రోహు ఆ ప్రజాతికి చెందినదే. తరువాత ఇది అనేక ప్రజాతులు మారి, 2013లో 'సహ్యాద్రియా' అనే కొత్త ప్రజాతిలో స్థిరపడింది. చాలకుడి నది నుండి 1999లో వర్ణితమైన మరొక జాతి దీనికి తోడుగా అందులో ఉన్నది. స్థానికులు పిలిచే పేరు 'చోరక్కణ్ణి', అనగా నెత్తుటి కన్నులది. చేపను గుర్తుపట్టడానికి గవర్నరు పేరు కన్న ఈ పేరే ఎక్కువ ఉపకరిస్తుంది.

జానెడైనా ఎదగని ఈ చేపది వెండివన్నె దేహం. ముట్టె నుండి తోక వరకు ఒక నల్లని చార, దానిపైన కంటి మీదుగా నడుము దాకా సాగే ఎర్రని గీత ఉంటాయి. తోకరెక్కల కొనలపై పసుపు, నలుపు పట్టీలు కనిపిస్తాయి. రాళ్ళ నడుమ వేగంగా పారే, ప్రాణవాయువు సమృద్ధిగా గల నీరు దీనికి ఇష్టం. ఒడ్డున చెట్లు వంగి నీడనిచ్చే మడుగులలో గుంపులుగా తిరుగుతూ కీటకాలను, నాచును, మొక్కల భాగాలను తింటుంది. ఈ గుంపు అలవాటు వలన ఒకే వలలో అనేకం చిక్కుతాయి.

1990ల చివరి నుండి విదేశీ విపణిలో దీనికి గిరాకీ పెరిగింది. 2005-2012 మధ్య భారతదేశం నుండి ముప్పులో ఉన్న 30 మంచినీటి జాతులకు చెందిన సుమారు 15 లక్షల చేపలు ఎగుమతి అయినట్లు రాజీవ్ రాఘవన్ తదితరుల పరిశోధన తేల్చింది. వాటిలో అధికభాగం మూడు రకాలవి. ఎర్రగీత చేపలు అందులో ఒకటి.

కేరళ మత్స్యశాఖ 2008లో పట్టుబడిపై ఆంక్షలు పెట్టి జూన్, జూలై, అక్టోబరు నెలలను నిషేధకాలంగా నిర్ణయించింది. అనంతర అధ్యయనాలలో ఈ చేప గుడ్లు పెట్టే కాలం అక్టోబరు నుండి మార్చి వరకని తెలిసింది. అంటే నిషేధించిన మూడు నెలలలో ఒక్కటి మాత్రమే సంతానకాలంలో పడింది; తక్కిన అయిదు నెలలు గుడ్లతో ఉన్న తల్లిచేపలను పట్టడానికి అడ్డు లేకపోయింది. బొచ్చె, శీలావతి వంటివి వర్షాకాలంలో గుడ్లు పెడతాయి కనుక ఇదీ అంతేనని భావించి ఉండవచ్చునని నా ఊహ. ఉద్దేశం మంచిదే, లెక్క మాత్రం మరో చేపది.

హార్మోను సూదులతో తొట్టెలలో దీనిచేత గుడ్లు పెట్టించడం ఇప్పుడు సాధ్యమైంది. ఆగ్నేయాసియా క్షేత్రాలలో పెంపకం వ్యాపారంగానే సాగుతున్నది. ఇది నదిపై పట్టుబడి భారాన్ని కొంత తగ్గించగలదు గాని ఇసుక తవ్వకాలను, ఆనకట్టలను, తోటల నుండి దిగివచ్చే పురుగుమందులను అది ఆపలేదు. పెంచిన పిల్లలను నదులలో వదలడంలోనూ ఒక చిక్కు ఉన్నది. వేర్వేరు నదులలోని ఈ చేపలు జన్యుపరంగా వేర్వేరు వంశాలకు చెందినవని పరిశోధనలు చూపాయి. ఉత్తరాన వలపట్టణం నది చేపల సంతతిని దక్షిణాన పంపా నదిలో వదిలితే అక్కడి చేపల సంఖ్య పెరిగినట్లే కనిపిస్తుంది; పంపా చేపల ప్రత్యేక వంశం మాత్రం ఆ సంకరంలో కలిసిపోతుంది.