థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్ మందు.. కొందరికే ఎందుకు పనిచేస్తుంది? గుట్టంతా కణం ‘తూముల్లోనే’!

కడప: గొంతు దగ్గర గడ్డ. టెస్ట్ చేస్తే థైరాయిడ్ క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక కొందరికి డాక్టర్లు రేడియో అయోడిన్ ఇస్తారు. ఒకరికి దాంతో తగ్గిపోతుంది, ఇంకొకరికి అసలు పట్టదు. మందు ఒక్కటే, మరి ఈ తేడా ఏంటి?

కేసీ కాలువ చూసినవాళ్లకు ఇది ఈజీగానే అర్థమవుతుంది. తూము షట్టర్ లేపితే నీళ్లు పల్లానికి వాటంతట అవే పోతాయి. మన కణాల గోడల్లోనూ ఇలాంటి తూములుంటాయి. వాటినే అయాన్ ఛానళ్లు అంటారు (టీవీ ఛానల్ కాదండోయ్!). పొటాషియం, కాల్షియం లాంటివి వీటి గుండానే లోపలికీ బయటికీ వెళ్తుంటాయి.

అయితే థైరాయిడ్‌లోకి అయోడిన్‌ను తెచ్చేది తూము కాదు, మోటారు లాంటిది. పేరు సోడియం అయోడైడ్ సింపోర్టర్. రక్తంలో ఉన్నదానికంటే 20 నుంచి 40 రెట్లు ఎక్కువ అయోడిన్‌ను గ్రంథిలోకి తోడేస్తుంది. ఈ మోటారు సరిగ్గా నడవాలంటే పక్కనే ఉన్న పొటాషియం తూము కూడా బాగుండాలి. ఆ తూములో ఒక భాగం లేకుండా పుట్టించిన ఎలుకలకు థైరాయిడ్ తగ్గి, గొంతు వాచిందని 2009లో అమెరికా పరిశోధకులు చూపించారు.

క్యాన్సర్ వస్తే ఈ లెక్కంతా తారుమారు. కాల్షియం తూముల నుంచి వచ్చే సిగ్నల్‌ను క్యాన్సర్ కణాలు తాము పెరగడానికి వాడుకుంటాయి. ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు ల్యాబ్‌లో థైరాయిడ్ క్యాన్సర్ కణాల్లో టీఆర్‌పీసీ1 అనే తూమును తగ్గిస్తే, ఆ కణాలు పెరగడం, పాకడం రెండూ మందగించాయి.

మరోవైపు అయోడిన్ మోటారు ఆగిపోతుంది. బీఆర్ఏఎఫ్ జన్యువులో మార్పు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. మోటారే లేకపోతే రేడియో అయోడిన్ కణంలోకి వెళ్లేదెలా? అసలు చిక్కు ఇదే.

మరి ఆ మోటారును మళ్లీ ఆన్ చేయలేమా? 2013లో అమెరికాలో 20 మందికి సెలుమెటినిబ్ అనే మందు ఇస్తే 12 మందిలో అయోడిన్ పట్టడం పెరిగింది. ఆశ పెట్టుకోదగ్గ ఫలితమే, కానీ చిన్న ట్రయల్. ఇక తూములను నేరుగా మూసే మందులంటారా.. అది అంత తేలిక కాదు. క్యాన్సర్ కణాల్లో కనిపించే కొన్ని పొటాషియం తూములే గుండె లయనూ నడిపిస్తాయి. మూస్తే గుండెకే ముప్పు.

క్యాన్సర్ అనగానే అయోడిన్ ఉప్పు మానేసేవాళ్లున్నారు. ఆ అవసరం లేదు. రేడియో అయోడిన్‌కు ముందు ఒకటి రెండు వారాలు, అదీ డాక్టర్ చెబితేనే తగ్గించాలి. గొంతులో గడ్డలన్నీ క్యాన్సర్ కాదు, నూటికి 90కి పైగా మామూలువే. కానీ గడ్డ పెరుగుతున్నా, గొంతు బొంగురుపోయి వారాలైనా తగ్గకపోయినా ఆలస్యం చేయకండి. కడప రిమ్స్‌లో చూపించుకోవచ్చు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం తిరుపతి స్విమ్స్‌లో ఉంది.