‘బాగాలేదు’ అని బాగా చెప్పగలరా?

నాణ్యతను పరీక్షించే ఉద్యోగాల్లో కన్ను, ముక్కు, నాలుక ఎంత ముఖ్యమో మాటతీరూ అంతే ముఖ్యం.

వైన్‌ రుచి చూసి మార్కులేయడం కొన్ని దేశాల్లో పూర్తిస్థాయి ఉద్యోగం. వినడానికి సరదాగానే ఉంటుంది. అసలు పరీక్ష మాత్రం గ్లాసు కింద పెట్టాకే! ఏడాదంతా కష్టపడి తయారుచేసిన మనిషికి ‘ఇది బాలేదు’ అని చెప్పాలి. అబద్ధమాడితే మీ మాటకు విలువ పోతుంది. మొహం మీద కొట్టినట్టు చెబితే ఆ మనిషి మళ్లీ మీ దగ్గరికి రాడు.

పల్నాడు జిల్లా రెంటచింతల ప్రాంతంలో ఈ పరీక్ష మిర్చి రూపంలో ఎదురవుతుంది. కారం మిల్లులు, ఎగుమతి సంస్థలు, ల్యాబ్‌లలో క్వాలిటీ ఉద్యోగంలో చేరితే, సరుకు ఎందుకు తిరస్కరించారో రైతుకు చెప్పాల్సింది మీరే కావచ్చు.

తప్పు సరుకులో చూపండి

కాయ విరగకుండా ఉండాలని బస్తాలకెత్తే ముందు కొందరు నీళ్లు చల్లుతారు. ‘నీళ్లు కొట్టారుగా!’ అన్నారనుకోండి, గొడవే. అదే ఇలా చెప్పి చూడండి: ‘బాబాయ్‌, మీటర్లో తేమ 14 శాతం చూపిస్తోంది. 11 దాటకూడదు, బూజు పడుతుంది. పట్టాల మీద మళ్లీ ఆరబోసి తెస్తారా?’ రెండింట్లోనూ తీర్పు ఒకటే. రెండోదాంట్లో నింద లేదు, దారి ఉంది.

వైన్‌ నిపుణులు చేసేదీ ఇదే. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే, సాధారణంగా అది బిరడా నుంచి దిగిన టీసీఏ అనే రసాయనం పని అని గుర్తుపడతారు. తయారీదారు చేతకానితనమని తేల్చేయరు.

కొలత తోడు తెచ్చుకోండి

అమెరికా ఫార్మసిస్టు విల్బర్‌ స్కోవిల్‌ 1912లో మిర్చి ఘాటును మనుషుల నాలుకతోనే కొలిచాడు. మిర్చి సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ, రుచి చూసేవాళ్లకు మంట తెలియకుండా పోయేదాకా పరీక్షించాడు. ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఆ పని చేస్తోంది. రంగుకు ‘ఆస్టా’ విలువ ఉంది. ‘నాకు నచ్చలేదు’ అంటే వాదన మొదలవుతుంది. అంకె చూపిస్తే మాట ముందుకు సాగుతుంది.

ఇంకో సంగతి. ఘాటు తక్కువైనంత మాత్రాన సరుకు చెడ్డదైపోదు. బ్యాడిగి మిర్చిని కొనేది రంగు కోసం. తేజకు గిరాకీ ఘాటు వల్ల. అందుకే ‘పనికిరాదు’ అనే ముందు ‘ఎవరికి పనికొస్తుంది?’ అని ఆలోచించండి.

మెత్తగా చెప్పండి, మార్చి చెప్పకండి

మొహమాటపడి లోపాన్ని దాచేస్తే నష్టపోయేది రైతే. తాలుకాయ కలిసిన లాటుకు మొత్తంగా ధర తగ్గిస్తారు. ‘తాలు ఏరి వేరుగా అమ్మితే మంచి కాయకు మంచి రేటు వస్తుంది’ అని ముందే చెబితే ఆయనకు డబ్బు మిగులుతుంది. బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్‌ మరీ ప్రమాదం. బీ1 రకం కిలో మిర్చిలో 5 మైక్రోగ్రాములు దాటితే యూరోపియన్‌ యూనియన్‌ దేశాలు ఒప్పుకోవు. ఊళ్లో ‘పర్లేదులే’ అన్న మాట, సరుకు విదేశీ రేవుకు చేరాక బయటపడుతుంది.

ఉద్యోగానికి సిద్ధమవ్వాలంటే

బాపట్లలోని డాక్టర్‌ ఎన్టీఆర్‌ ఫుడ్‌ సైన్స్‌ అండ్‌ టెక్నాలజీ కళాశాలలో ఫుడ్‌ టెక్నాలజీ బీటెక్‌ ఉంది. గుంటూరులో స్పైసెస్‌ బోర్డు నాణ్యతా పరీక్షల ల్యాబ్‌ ఉంది. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లూ ఈ రంగం వైపు చూడొచ్చు.

ఏ కోర్సు చదివినా ‘సహోద్యోగి పని బాగోలేకపోతే ఎలా చెబుతారు?’ అనే ప్రశ్న ఇంటర్వ్యూలో రావచ్చు. ఏం గమనించారు, దానివల్ల నష్టమేంటి, ఎలా సరిదిద్దొచ్చు: ఈ మూడూ వరసగా చెప్పండి. ఈ వారం ఫ్రెండ్‌ రెజ్యూమె మీ చేతికొస్తే ‘సూపర్‌ మామా’ అని తిరిగిచ్చేయకండి. ఈ పద్ధతిలో ఒక లోపం చెప్పి చూడండి.