దొరకని మరణ నమోదు: పేరు కంటె ముందు ఊరిని వెదకాలి

ముత్తాతగారి పేరిట నిలిచిపోయిన పొలాన్ని వారసుల పేరిట మార్చవలసి వచ్చినప్పుడో, వంశవృక్షం రాయడానికి ఇంట్లో ఎవరో ఒకరు పూనుకున్నప్పుడో, సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు తరచు ఒకే చిక్కు ఎదురవుతుంది. తద్దినం తిథి ఇంటిల్లిపాదికీ తెలుసు. మరణ ధ్రువపత్రం మాత్రం ఉండదు. సొంతూరి కార్యాలయంలో పుస్తకాలు తిరగవేయించి, లేదన్న మాట విని వెనుదిరిగినవారు ఎందరో.

చాలా సందర్భాలలో తప్పు పుస్తకానిది కాదు, వెదికిన చోటుది. మరణం నమోదయ్యేది మనిషి కాపురమున్న ఊరిలో కాదు, కన్నుమూసిన ఊరిలో. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెప్పేదీ ఇదే. హోసూరు దగ్గరి పల్లె రైతు బెంగళూరు ఆసుపత్రిలో చనిపోతే, దహనం సొంతూరిలో జరిగినా, వివరం బెంగళూరులోనే ఉంటుంది. బరంపురం నుంచి వైద్యానికి విశాఖపట్నం వెళ్ళి తిరిగి రానివారి సంగతీ అంతే. కనుక పెద్దలను మొదట అడగవలసినది ‘ఎప్పుడు పోయారు’ అని కాదు, ‘ఎవరింట ఉండగా పోయారు’ అని.

తరువాతి చిక్కు తేదీ. పెద్దలకు గుర్తుండేది సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి. ‘విజయ నామ సంవత్సరం, మాఘ బహుళ పంచమి’ అంటే చాలామంది 1953 పుస్తకం తెరుస్తారు. విజయ 1953 ఉగాదితో మొదలైన మాట నిజమే కాని, ఆ మాఘం వచ్చినది 1954లో. తెలుగు సంవత్సరంలోని చివరి మాసాలన్నిటి విషయంలోనూ ఈ పొరపాటు జరుగుతుంది. పైగా అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. 2013 ఉగాదికి మళ్ళీ విజయే వచ్చింది. రాయచూరు, నాందేడు వైపు పాత నిజాం కాలపు కాగితాలలో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం సుమారుగా తెలుస్తుంది.

ఇక ఊరు కదలకపోయినా రాష్ట్రం కదిలిన ప్రాంతాలు ఇవి. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరింది. బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరుకు వెళ్ళింది. అంటే అదే విజయ శ్రావణంలో బళ్ళారిలో పోయినవారు మద్రాసు రాష్ట్రంలోను, మార్గశిరంలో పోయినవారు మైసూరు రాష్ట్రంలోను పోయినట్టు లెక్క. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు, సత్యవేడు ఆంధ్రకు మారాయి. నేటి కృష్ణగిరి జిల్లా 2004కు ముందు ధర్మపురి, 1965కు ముందు సేలం. దరఖాస్తులో నేటి జిల్లా పేరుతో పాటు ఆనాటి జిల్లా, తాలూకా పేర్లు కూడా రాస్తే వెదికేవారికి దారి దొరుకుతుంది.

మద్రాసు రాజధానిలో ఈ నమోదుకు 1899లోనే చట్టం వచ్చింది. పల్లెలో పుస్తకం గ్రామాధికారి చేతిలో ఉండేది. ఆ వంశపారంపర్య ఉద్యోగాలు తమిళనాట 1980లోను, ఆంధ్రలో 1984లోను రద్దయి, పుస్తకాలు చేతులు మారాయి. అందుచేత ఊరిలో లేదంటే తాలూకా కచేరీలో కూడా అడగడం మంచిది.

యానాం దారి వేరు. 1954 వరకు అక్కడ సాగినది ఫ్రెంచి పద్ధతి నమోదు. పుస్తకం ఫ్రెంచి భాషలో ఉంటుంది, పోయినవారి తల్లిదండ్రుల పేర్లు కూడా రాయడం ఆనవాయితీ. వంశచరిత్ర రాసేవారికి ఇది వరమే. ఫ్రెంచి వలస ప్రాంతాల పుస్తకాల ప్రతులు ఫ్రాన్సుకు పంపేవారు కనుక, ఇక్కడ చెదలు తిన్న పుట అక్కడ దొరికే అవకాశం ఉంది.

పేరు దగ్గరా జాగ్రత్త అవసరం. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకూ అంతే. గోవిందమ్మ కోవిందమ్మగా, బాలయ్య పాలయ్యగా తిరిగి వస్తారు. ఒడియాలో వెంకటమ్మ బెంకటమ్మ అవుతుంది. కొన్ని పాత పుస్తకాలలో ఆడవారికి సొంత పేరే ఉండదు, ‘ఫలానావారి భార్య’ అన్నంతే. అలాంటప్పుడు భర్త పేరుతో వెదకాలి.

ఇంత వెదికినా దొరకకపోతే, రికార్డు లభ్యం కాలేదన్న పత్రం రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏడాది దాటిన మరణాన్ని కొత్తగా నమోదు చేయించడానికి ఒకప్పుడు ఫస్టుక్లాసు మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు కావలసి వచ్చేది. 2023 సవరణ తరువాత, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి, ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వచ్చింది. ఇక్కడ కూడా మరణం సంభవించిన ప్రాంతపు అధికారినే ఆశ్రయించాలి. ఆధారాలుగా ఆసుపత్రి కాగితాలు, శ్మశానం రసీదు, క్రైస్తవ కుటుంబాలకు చర్చి సమాధుల పుస్తకం, పింఛను నిలిపిన ఉత్తర్వు, కర్ణాటకలో పౌతి ఖాతా నకలు పనికివస్తాయి. పౌతి ఖాతా విలువ చాలామందికి తెలియదు; భూమి ఎప్పుడు, ఎవరి మరణంతో, ఎవరికి సంక్రమించినదో అందులో ఉంటుంది.

వంశచరిత్ర కోసం వెదికేవారు ఆశించే ఒక వివరం మాత్రం ఈ పత్రంలో రాదు. పుస్తకంలో మరణ కారణం రాసి ఉన్నా, నకలులో దానిని వెల్లడించరాదని 1969 చట్టమే నిషేధించింది. కలరాయో, కాన్పో, పాము కాటో తెలియాలంటే పాత ఉత్తరాలు, ఇంటి పెద్దల నోటిమాటే ఆధారం.